పేడలో గింజలు

ప్రియమైన మా ఇంటాయనకు,

నువ్వు నమ్మినా నమ్మకపోయినా ఆ బోడినేల పండింది. ఎండాకాలమంతా పెంకు కట్టిన నేలను పొడిచి గుంటలు తీశాను, గుంటకింత పేడ వేశాను. అరచేతులు బొబ్బలెక్కి గంజి గిన్నె కూడా పట్టలేకపోయాను. నేల ఇచ్చిన రాస్మానే పెద్దాయన, అది మాత్రం తనదేనని గుర్తుచేసి, "మేక కూడా తొక్కని చోటమ్మా, సాగు చేసుకో" అని నవ్వాడు. వాన మధ్యలో ముఖం చాటేసినా గుంటల్లో నిలిచిన తడికి జొన్న బతికింది. పిల్లలు రెండు పూటలా సంగటి తింటున్నారు.

ఇంకో సంగతి. పశువులు తిన్న గింజలు పేడలో ఉన్నట్టున్నాయి, జొన్న మధ్య తుమ్మ మొక్కలు లేచాయి. అడిగి తీసుకున్న నేలలో చెట్టు పెంచితే నేల నాదే అన్నట్టని, పీకెయ్యమని తోడికోడలు పోరుతోంది. దుమ్ముగాలికి అవే అడ్డం. నాకు చేతులు రావడం లేదు. ఏం చెయ్యమంటావు?

నీ తలాతో

ప్రియమైన తలాతోకు,

నీ ఉత్తరం ఈ కోకో తోటలో మనవాళ్లందరికీ చదివి వినిపించాను. మీ ఆవిడ చేత మా ఆవిడకూ ఆ విద్య నేర్పించమని ఒకటే వేళాకోళం. యజమాని తిట్లు ఆ పూట చెవికెక్కలేదు.

మొక్కలు పీకకు. మనం నాటామా? వాటంతట అవే వచ్చాయి. ఆ కట్టుబాటు నాటినవాళ్లకే. పెద్దాయన అడిగితే ఆ మాటే చెప్పు. అవి నడుమెత్తు ఎదిగేసరికి వచ్చేస్తాను, మళ్లీ ఇటు రాను. చిన్నదానికి నా ముఖం గుర్తుందా?

నీ సిబిరి

ప్రియమైన మా ఇంటాయనకు,

మళ్లీ వాన, మళ్లీ కోత అయిపోయాయి. ఇన్నాళ్లూ రాయడానికి మనసు రాలేదు.

మొక్కలు నడుమెత్తు ఎదిగాయి. రాస్మానే పెద్దాయన వచ్చి వాటి మధ్య చాలాసేపు కూర్చున్నాడు. నువ్వు చెప్పిన మాటే చెప్పాను. ఆయన కోప్పడలేదు. "మొలిచిందో, నాటావో రేపు ఎవరికి గుర్తుంటుందమ్మా? చెట్టును చూపించి నీ పిల్లలు నా పిల్లలతో తగువు పడతారు" అన్నాడు. ఆయన ఎదుటే అన్నీ పీకేశాను. వేళ్లు లోతుకు దిగాయి, నేల అంత మెత్తబడింది. ఆయన ఆ మట్టిని పిడికిట పట్టి చూశాడు. మర్నాడు ఆయన పెద్దకొడుకు వచ్చి చేను ఇక తామే సాగు చేసుకుంటామన్నాడు.

నీ మాట విని మొక్కలు ఉంచినందుకు నీ మీద కోపం వచ్చింది. పీకేసినా, ఉంచినా మంచి నేల వదులుతారా అని ఇప్పుడు అనిపిస్తోంది. పెద్దాయన కబురు పంపాడు, నా చెయ్యి మంచిదట, గుట్ట వెనక ఇంకో బోడిచెక్క ఉంది, తీసుకోమని. తీసుకున్నాను. పిల్లలకు ఏం పెట్టను?

ఇప్పుడు రాకు, నీకు చూపించడానికి ఏమీ లేదు. చిన్నది నీ ముఖం మరిచిపోయింది. వాకిట్లో కూర్చుని పేడ చిదుపుతున్నాను. గింజ కనబడితే ఏరి పొయ్యిలో వేస్తున్నాను.

నీ తలాతో