స్నేహ పాట

శనివారం రాత్రి, చిల్లకల్లు

చర్చిలో ఇరవై ఏళ్లుగా పాటలు నేర్పేది నేనే. ఈ సాయంత్రం ప్రాక్టీసులో మా అమ్మాయి స్నేహ తను రాసిన కొత్త పాట పాడింది. అందులో రాగం లేదు. ఫోన్లో డ్రమ్స్ పెట్టుకుని మాటలు గబగబా చెప్పుకుంటూ పోయింది. సగంలోనే ఆపించాను.

"ఇదేం పాటే? చర్చిలో ఈ అరుపులేంటి?" అన్నాను, అందరి ముందూ.

"రికార్డు చేసి నీ ఫోన్‌కి పంపా. నచ్చకపోతే మానెయ్, కానీ చివరిదాకా వినమ్మా" అని వెళ్లిపోయింది. ఇంటికొచ్చి తలుపేసుకుంది. అన్నం తినలేదు.

ఇందాక విన్నాను. రెండో సగమంతా నందిగామ ఆసుపత్రిలో వాళ్ల నాన్న ఆఖరి రోజుల గురించే. నేను లోపల ఆయన దగ్గరుంటే, తను మెట్ల మీద ఒక్కతే కూర్చుని చేసిన ప్రార్థన అది. అమ్మ ఒంటరి కాకుండా చూడమని అడిగింది. ఇన్నాళ్లూ నాకు తెలియదు.

ఆ డ్రమ్స్ ఇప్పటికీ చెవికి ఇంపుగా లేవు. రేపు ఆరాధనలో ఇది పాడితే సంఘ పెద్దలు ఏమంటారోనని భయంగానే ఉంది. అయినా వెళ్లి తలుపు కొట్టాను.

"నచ్చిందా?" అంది లోపల్నుంచి.

అబద్ధం చెప్పలేకపోయాను. "ఇంకా అలవాటు కాలేదు. రేపు నువ్వు పాడు, నేను నీ పక్కన నిలబడతా."

తను ఇంకా తలుపు తీయలేదు.