సజ్జ మీది సుత్తె

బోథ్

వినోదా, నేను మంచిగున్నాను, నీ ఒంట్లో ఎట్లుందో రాయి. ఫోన్ చేస్తే అత్తమ్మే ఎత్తి కోప్పడుతోంది, అందుకే ఈ కార్డు. వాగులో దొరికిన రాతిగడ్డలో ఏనాటిదో పశువు తల రాయిగా మారి ఉందని, దాన్ని బయటికి తీస్తున్నానని తెలిసినప్పుడు అత్తమ్మ ఏమన్నదో గుర్తుంది కదా. "పెండ్లాం కడుపుతోని ఉంటే మొగడు కొబ్బరికాయ సుత కొట్టొద్దు, నువ్వు పుర్రె మీద సుత్తె ఏస్తవా?" అప్పటి నుంచి సుత్తె, ఉలి సజ్జ మీదే ఉన్నాయి. డ్యూటీ నుంచి వచ్చాక రాయిని కొంచెం కొంచెం తడిపి, మెత్తబడిన చోట దబ్బనంతో గీకుతున్నాను.

నిన్న పై దవడ బయటపడింది. అరిగిన పాలపన్ను చాటున కొత్త పన్ను మొలక, చింతగింజంత, చెక్కు చెదరకుండా ఉంది. అది దూడ తల, వినోదా. సుత్తె దెబ్బ ఒక్కటి పడినా పొడి అయిపోయేది.

ఐరన్ గోలీలు మరువకు. నీ మెత్తటి పాత చీరలు ఎక్కడ పెట్టావు? ఈ దూడ తల కింద పరచడానికి ఒక్కటి చాలు, మిగతావి బిడ్డకే.

ఈ కార్డు ముందు నీ చేతికే వస్తుందని తెలుసు, అత్తమ్మా. చదివాక వినోదకు ఇవ్వు. బిడ్డ పుట్టినా ఆ సుత్తె ఇక కిందికి దించను.

నీ అల్లుడు
సాగర్