నా వంతు ప్రసాదం

ఉప్పాడ

బావకి,

నీ మరదలు దుర్గ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అత్తయ్య, నేను, మన మేకపిల్ల క్షేమం. నువ్వూ అక్కడ క్షేమమేనని ఆనవాయితీ కోసం రాద్దామంటే ఈసారి చెయ్యి ఆడటం లేదు. బుజ్జిబాబు అన్న నిన్న ఫోన్ చేశాడు. వాళ్ల బోటు వెరావల్ రేవుకి చేరిపోయిందట, మీది ఇంకా రాలేదట. టీవీలోనేమో వాయుగుండం అంటున్నారు. నీ ఫోను మోగడం లేదు. వాట్సాప్‌లో మాటలు పెడితే నువ్వు బోటులో అందరూ వినేలా పెడతావు, నీ సంగతి నాకు తెలుసు. అందుకే ఉత్తరం రాసి బోటు యజమాని గదికి పంపుతున్నాను. దిగగానే నీ చేతికిస్తారు.

కిందటి ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు. పెరటి గోడ పోయింది, కెరటం తీసుకుపోయింది. వంటిల్లు మాత్రం ఇంకా మనదే. మందులు వేసుకుంటున్నావా అన్నావు. ఎన్నిసార్లు చెప్పినా నీ బుర్రకెక్కదు కదా. ఈ సీలియాక్ జబ్బుకి మందు లేదు బావా. గోధుమ లోపలికి వెళ్తే నా ఒళ్లే నా పేగుల్ని పాడుచేస్తుంది. తినకపోవడమే మందు. రెండుసార్లు నాకు కడుపు నిలవకపోవడానికి కూడా ఇదే కారణం కావచ్చని కాకినాడ డాక్టరమ్మ అన్నప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు.

అన్నం తినేవాళ్లం, మనకేం కష్టం అని కూడా రాశావు. నేనూ అలాగే అనుకున్నాను. ఉప్మా, పూరీ, కాజా మానేశాను. అయినా కడుపుబ్బరం, విరేచనాలు తగ్గలేదు. చివరికి దొంగ దొరికింది, మన ఇంగువ డబ్బా! అందులో గోధుమపిండి కలిసి ఉందట. రోజూ పప్పుచారులో చిటికెడు వేసుకుని నేనే తాగుతున్నాను. ఈ సంగతి కనిపెట్టింది సామర్లకోట క్రిస్టినా టీచరు గారు. ఆవిడకీ ఇదే జబ్బు, డాక్టరమ్మే నంబరిచ్చారు. ఫోన్ చేస్తే విసుక్కోకుండా మాట్లాడతారు. "మా చర్చిలో రొట్టె నేను తీసుకోనమ్మా, ద్రాక్షరసం మాత్రం పుచ్చుకుంటాను. పాస్టరు గారితో చెప్పేశాను. దేవుడైతే ఇంతవరకూ సంజాయిషీ అడగలేదు" అని నవ్వుతారు. నాకు అంత ధైర్యం ఎక్కడిది?

అత్తయ్య ఈ జబ్బుని నమ్మలేదు. "గోధుమ పడకపోడమేంటే? ఊళ్లో అందరూ తింటన్నారు, ఎవరికొచ్చింది?" అనేది.

మొన్న పౌర్ణమికి నీ బోటు పేరు మీద సత్యనారాయణ వ్రతం చేయించింది. గోధుమనూక, బెల్లం, నెయ్యితో తనే ప్రసాదం వండింది. మన ఇంటి పద్ధతి ఉంది కదా, చేపల వేటకెళ్లినవాడి భార్య ముందు తినాలి, ఆ తర్వాతే మిగతావాళ్లకి పంచాలి. పంతులు గారు కథ చెబుతూ, ప్రసాదం తినకుండా వెళ్లిన ఇల్లాలి మొగుడి పడవ మునిగిపోయిన చోటికి వచ్చారు. వాకిట్లో ఉన్నవాళ్లంతా నా వైపే చూశారు.

ఆకులో వేడి ముద్ద పెట్టి నా చేతికిచ్చారు. యాలకుల వాసనకి నోరూరింది, అబద్ధమెందుకు. తింటే ఒక భయం, తినకపోతే ఒక భయం. కళ్లకద్దుకుని, దణ్ణం పెట్టే వంకతో వంగి, ఆకుతో సహా కొంగులో ముడేసుకున్నాను. పారేయడానికి మనసొప్పలేదు. లోపలికెళ్లి ఒక గిన్నెలో పెట్టి బియ్యం డ్రమ్ము వెనక దాచాను.

మర్నాడే వాయుగుండం కబురు. ఇంటర్ చదివినదానివి, ఇలాంటివి నమ్ముతావా అంటావు. నిజంగా నమ్ముతానో లేదో నాకే తెలీదు. భయం మాత్రం వేస్తోంది బావా, చాలా భయం వేస్తోంది.

ఇంతకీ ఎందుకు తినలేదో రాయలేదు కదూ. నాకు మూడో నెల.

నీకు కూడా చెప్పలేదని కోపం తెచ్చుకోకు. కిందటి రెండుసార్లూ అందరికీ చెప్పుకుని సంబరపడ్డాం. ఈసారి నాలుగో నెల వచ్చాక చెబుదామనుకున్నాను. డాక్టరమ్మకి, క్రిస్టినా గారికి తప్ప ఎవరికీ తెలీదు. నడుం కాస్త లాగినా గుండె జారిపోతోంది.

నిన్న సాయంత్రం చీర ఉతకబోతూ అత్తయ్య కొంగున నెయ్యి మరక చూసింది. "ఈ మరకేంటే?" అంది. ఇక దాచలేక కాళ్ల మీద పడి అన్నీ చెప్పేశాను, మూడో నెల సంగతితో సహా. కొడుతుందనే అనుకున్నాను. గడప మీద కూలబడిపోయింది. "ఎక్కడెట్టావు?" అని అడిగింది.

గిన్నె తెచ్చిచ్చాను. ముద్ద ఎండిపోయి గట్టిపడింది. ఆ ఎండిపోయిన ప్రసాదాన్ని ఏడుస్తూనే ఒక్క పలుకు మిగలకుండా తినేసింది. "సంద్రం మీదున్నోడి కోసం నేను తిన్నాను. కడుపులో ఉన్నోడి కోసం నువ్వు మానెయ్. కన్నదాన్ని, నేను తింటే చెల్లదేంటి? సామికి నేను చెప్పుకుంటాను" అంది. నేను దగ్గరికి వెళ్లబోతే "ఉండు, ముట్టుకోకు" అని లేచి వెళ్లి, సబ్బుతో చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చింది. అప్పుడు నా తల మీద చెయ్యేసింది.

అయినా భయం పోలేదు బావా. నిన్నటిదాకా ఒక్కదాన్నే భయపడేదాన్ని, ఇప్పుడు ఇద్దరం భయపడుతున్నాం. పొద్దుటి నుంచి ఆవిడ ఫోను ఒళ్లో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుంది. వండింది వండినట్టే ఉంది. రేవులో దిగగానే ఫోన్ చెయ్యి, ఆవిడే ఎత్తుతుంది. ఎప్పుడూ ముందు నన్ను అడిగే మాట ఈసారి ఆవిణ్ణి అడుగు. "తిన్నావా అమ్మా?" అను.

ఇట్లు,
నీ గొంతు కోసం చెవులు రిక్కించుకుని ఉన్న
నీ మరదలు
దుర్గ