రెండు మీటర్ల అవతల

ఫిబ్రవరి 6, మంగళవారం
హనుమకొండ. దవాఖాన గది. గొంతులో థైరాయిడ్ తీసేసి నెలన్నర అయింది. ఇంకా మిగిలిన క్యాన్సర్ కణాల కోసం ఈరోజు రేడియో అయోడిన్ క్యాప్సూల్ ఇచ్చారు. సీసం డబ్బాలోంచి తీశారు. నేను మింగగానే అందరూ బయటికి వెళ్లిపోయారు.

డాక్టర్ ప్రేమలత గారు నిన్ననే చెప్పారు. ఎక్స్‌రే ఒంట్లోంచి దూసుకుపోతుంది, అంతటితో సరి. ఇది కొన్నాళ్లు లోపలే ఉంటుంది. దీని బీటా కిరణాలు రెండు మూడు మిల్లీమీటర్లు దాటవు, ఉన్నచోటే కణాలను చంపుతాయి. గామా మాత్రం చర్మం దాటి బయటికి వస్తుంది. పక్కన ఎవరుంటే వాళ్లలోకి పోతుంది.

ఫిబ్రవరి 7
భోజనం తలుపు దగ్గర పెట్టి పోతున్నారు. నోరంతా ఇనుము రుచి.

టెక్నీషియన్ గుమ్మంలో నిలబడి రేడియేషన్ కొలిచే మీటర్ నా వైపు పట్టాడు. అది చిటపటమంది. ఒక్క అడుగు ముందుకు రమ్మన్నాడు. ఇంకా గట్టిగా అరిచింది. నేనేమీ చేయలేదు. ఊరికే నిలబడ్డాను.

ఫిబ్రవరి 9
డిశ్చార్జ్. కాజీపేటలో మా ఇల్లు, మేడ మీది గది. మా పాప లాస్యకు మూడేళ్లు. రెండు వారాలు దాన్ని రెండు మీటర్ల లోపలికి రానివ్వొద్దన్నారు. అత్తమ్మ దాన్ని చంకనేసుకుని మెట్ల కింద నుంచే చూపించింది. "మీ అమ్మకు జరమొచ్చింది బిడ్డా, జర దూరంకెల్లి సూడు" అంది. లాస్య రెండు చేతులూ చాచింది. నేను నా చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 12
అద్దంలో ఏ మార్పూ లేదు. అదే భయపెడుతోంది.

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం
మెట్ల మీద చిన్న అడుగుల చప్పుడు. లేచి గడియ పెట్టాను.

"అమ్మా, తలుపు తియ్యి" అంది లాస్య. కిందికి పొమ్మన్నాను. ఏడవలేదు. నేల మీద పడుకున్నట్టుంది. తలుపు కింది సందులోంచి నాలుగు వేళ్లు లోపలికి వచ్చాయి. కదులుతున్నాయి. దేన్నో వెతుకుతున్నాయి.

ఎదురు గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. నాలోంచి పోతున్నది కంటికి కనిపిస్తే చేతులు అడ్డం పెట్టేదాన్ని. చెక్క తలుపు దాన్ని ఆపలేదు. గోడలోకి దూరిపోవాలనిపించింది.

పోకపోతే కొడతానని అరిచాను. వేళ్లు మెల్లగా వెనక్కి పోయాయి.

డాక్టర్‌కు ఫోన్ చేశాను. అంత కొద్దిసేపటికి పిల్లకేమీ కాదన్నారు. అరవక్కర్లేదన్నమాట.

ఫిబ్రవరి 14
లాస్య నన్ను పిలవడం మానేసింది.

ఫిబ్రవరి 17
మా ఆయన రమాకాంత్ డ్యూటీ దిగొచ్చి మెట్ల దగ్గర నిలబడి చెప్పాడు. లాస్య తన బొమ్మను మూలకు పెట్టిందట. "దాని లోపట ఏందో ఉన్నదట. నానమ్మను గూడ ముట్టనిస్తలేదు" అని నవ్వబోయి ఆగిపోయాడు.

దానికి ఎవరు చెప్పారని అడిగాను. ఎవరూ చెప్పలేదన్నాడు.

ఫిబ్రవరి 23
దవాఖానలో మళ్లీ మీటర్ పెట్టి చూశారు. ఇక పిల్లను ఎత్తుకోవచ్చన్నారు. ఇంటికొచ్చి వరండాలో కూర్చుని చేతులు చాచాను. లాస్య ఆ రెండు మీటర్ల దూరంలోనే ఆగింది. "పో బిడ్డా, అమ్మకు మంచిగైంది" అని అత్తమ్మ ముందుకు తోసినా కదల్లేదు.

నేనూ దగ్గరికి జరగలేకపోయాను.

ఫిబ్రవరి 24, సాయంత్రం
తనే వచ్చింది. ఒళ్లో పడుకుని నిద్రపోయింది. వెచ్చగా ఉంది. ఆ వేడి దానిదో, నాదో తెలియడం లేదు.