కోతమిషను కన్ను

రాయగడ,
ఆదివారం.

పూజ్యులైన అన్నయ్యకు, వదినకు తమ్ముడు సత్యం నమస్కారాలు. నేను క్షేమం. మీరంతా కులాసా అనీ, అమ్మ మోకాలి నొప్పి తగ్గిందనీ తలుస్తాను. ఇక్కడ వారంగా ఒకటే ముసురు. చొక్కాలు ఆరడం లేదు. మెస్సులో పూటపూటా డాల్మా అనే ఒడియా కూరగాయల పప్పే. ఒంట్లో బాగానే ఉందని, బెంగపెట్టుకోవద్దని అమ్మకు చెప్పు. మనసే బాగోలేదు. నీకు కాకపోతే ఎవరికి చెప్పుకోను?

మా కాగితం మిల్లులో కాగితాల దొంతరలు కోసే పెద్ద మిషనుంది. దాని కత్తి ముందు ఒక పక్క దీపం, ఇంకోపక్క వెలుతురు చూసే కన్ను. మనిషి చెయ్యి అడ్డొచ్చి వెలుతురు తెగితే కత్తి ఆగిపోవాలి. ఆ కన్ను ఇచ్చే సిగ్నల్ మరీ సన్నం. దాన్ని రొద కలపకుండా, ఆలస్యం చెయ్యకుండా పెంచే ఆంప్లిఫైయర్ కావాలి. పాతది నత్తనడక. అందుకని బొంబాయి నుంచి ఆ పని వేగంగా చేసే కొత్త రకం ఐసీ చిప్పు తెప్పించారు. బిగించింది నేనే. నీ రేడియో షాపులో టంకం పట్టిన చెయ్యి కదా, గర్వపడ్డాను కూడా.

ఏం లాభం! ఎవరూ చెయ్యి పెట్టకుండానే కత్తి మాటిమాటికీ ఆగిపోవడం మొదలెట్టింది. ఫోర్‌మన్ మండిపడ్డాడు. "వైరు కలిపేసి ఆ కన్ను లేకుండా నడిపించు" అన్నాడు. మిషను నడిపే గురువులు మామ మన బొబ్బిలి వైపు మనిషి. నన్ను ఇంటికి పిలిచి అన్నం పెట్టేవాడు. ఆయన మాత్రం, "ఒరే అల్లుడూ, అది ఆగితే నాకు తిట్లు. ఆగకపోతే నా సేతులు పోతాయి. నాకు తిట్లే కావాల. ఏటంటావు?" అని నవ్వాడు.

అంత మాట విన్నాక కూడా, అన్నయ్యా, గురువారం పొద్దున్న నేను వైరు కలిపేశాను. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు, భయపడ్డాను. మధ్యాహ్నానికల్లా లోపం పట్టేస్తాను, ఈలోగా మామకెందుకు చెప్పడం అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

కాసేపటికి తలెత్తి చూస్తే మామ వంకరపోయిన కాగితం సర్దడానికి దిగుతున్న కత్తి కింద చెయ్యి పెడుతున్నాడు. కన్ను ఉందన్న ధైర్యం ఆయనది. ఒక్క ఉదుటున వెళ్లి మెయిన్ స్విచ్ లాగేశాను. కత్తి ఆయన చేతికి బెత్తెడు పైన ఆగింది.

"ఏటైందిరా?" అన్నాడు. చెప్పేశాను. చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నాడు. "ముందే సెప్తే ఒళ్లు దగ్గరెట్టుకుని పనిసేద్దును గదరా. నాకు సెప్పకుండా సేసేవు" అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

సాయంత్రానికి లోపం దొరికింది. అంత వేగంగా పనిచేసే ఆంప్లిఫైయర్‌కు కందిబద్దంత కెపాసిటర్ ఒకటి జత చెయ్యాలి. పాతదానికి లేదని దీనికీ పెట్టలేదు. అది లేక ఐసీ తనంతట తనే దొంగ సిగ్నల్ పుట్టించి, వెలుతురు తెగినట్టు కత్తికి చెబుతోంది. తప్పు పూర్తిగా నాదే. కెపాసిటర్ పెట్టి, ఆ వైరు పీకేశాను. జరిగిందంతా రాసి ఇంజనీరుగారికి ఇచ్చాను. ఏం చేస్తారో తెలీదు. ఇంటికొచ్చేస్తే కోప్పడకు.

ఇప్పుడు కత్తి ఊరికే ఆగడం లేదు. చెయ్యి అడ్డొస్తే చటుక్కున ఆగుతోంది. అందరూ బాగుందంటున్నారు. మామ మాత్రం నిన్న ఒక వెదురుపుల్ల తెచ్చుకున్నాడు. "బాగైపోయింది మామా" అని నేను చెప్పినా, ముందు పుల్ల పెట్టి, కత్తి ఆగడం కళ్లారా చూసుకుని, అప్పుడు చెయ్యి పెడుతున్నాడు. అది సరైన పనే. కానీ నేను చూడలేకపోతున్నాను.

అమ్మకు ఇదేమీ చెప్పొద్దు. పెద్దలందరికీ దండాలు, పిల్లలకు ముద్దులు. నా ఉద్యోగం నిలవాలని దీవించకు అన్నయ్యా. మామ మళ్లీ నా మాట నమ్మాలని దీవించు.

నీ తమ్ముడు,
సత్యం