గొట్టంలోకి ఊరిన నోరు

గుడివాడ

సుశీలకు, నేను కులాసా. చిగుళ్లకు కుట్లు వేసి రెండ్రోజులు మాట్లాడొద్దన్నారు, అందుకే ఫోన్ చేయకుండా కార్డు రాస్తున్నాను. కంగారుపడకు.

కుట్లకు ముందు ఏదో పరిశోధనకు నా ఉమ్మి కావాలన్నారు. క్రిములతో పోరాడే యాంటీబాడీలు ఉమ్మిలో ఉంటాయట. చిగుళ్ల జబ్బు ముదిరితే అవి ఎలా మారతాయో చూస్తారట. చిన్న గొట్టం చేతికిచ్చారు. భయానికి నా నోరు పిడచకట్టుకుపోయింది.

"మీకిష్టమైన తిండి ఏదన్నా తలుచుకోండి బాబాయ్‌గారూ" అంది డాక్టరమ్మ.

ఇట్టే గొట్టం నిండింది.

"ఏం తలుచుకున్నారండీ?" అని నవ్వింది. చింతకాయ పచ్చడన్నాను.

పెడనలో వానలు పడుతున్నాయా? మగ్గం గుంటలో నీళ్లు ఊరితే పడుగు దారాలు తడవకుండా మా తమ్ముడి చేత పైకి కట్టించు. పళ్లు తోముకునేటప్పుడు నీకు రక్తం వస్తే నాలాగా దాచుకోకు. మేఘనకు నా ఆశీస్సులు, అత్తయ్యగారికి నమస్కారాలు.

డాక్టరమ్మకు చెప్పింది అబద్ధం. నాకు గుర్తొచ్చింది పచ్చడి కాదు. రోటి దగ్గర కూర్చుని, ఉప్పు సరిపోయిందో లేదో చూడమని నువ్వు నా నోట్లో పెట్టే వేలు. పోస్టుమాన్ చదివితే చదువుకోనీ.

భద్రయ్య