నా దిక్కు పూలు ఎవ్వరూ తెంపుతలేరు

తేది: ఎంగిలిపూల బతుకమ్మ మరునాడు, 2000 సం.

శ్రీయుత పార్కుల అధికారి గారికి,
సంగారెడ్డి.

అయ్యా,

విషయం: మైత్రీనగర్ కాలనీ పార్కులో తూర్పు సగమున పూలు తెంపబడుచుండుట, పడమటి సగమున తెంపబడకుండుట, సదరు అన్యాయమునకు కారకుడైన శ్రీ దేవదానం గారిని వేరొక పార్కునకు బదిలీ చేయుట గురించి.

పాశమైలారం కంపెనీలో ఫిట్టరుగా పని చేసి దిగిపోయిన పెద్దరాములు అను నేను తమరికి తెలియపరచుకొనునది ఏమనగా:

1. మా పార్కు మొదట పార్కు కాదు. పగిలిన సీసలు, లారీ టైర్లు, చచ్చిన కుక్కలు వేయు జాగ. నౌకరి అయిపోయిన పిదప, ఎవ్వరూ చెప్పకుండగనే, నయాపైస ఆశించకుండగనే నేను సదరు స్థలమును సాఫు చేసితిని. హత్నూర నుండి మా బామ్మర్ది ఇచ్చిన పెంట ఎరువును బస్తాలకెత్తి బస్సులో తెచ్చితిని. కండక్టరు బస్తకు గూడ టికెటు కొట్టిండు. పక్కన కూసున్నాయన దిగేదాక ముక్కు మూసుకున్నడు. అప్పుడు ఈ దేవదానం గారు ఏడున్నరు? ఇది రికార్డులో ఉండవలెను.

2. శ్రీ దేవదానం గారు రిటైరైన డ్రాయింగు సారు. ఒకనాడు పొద్దుగాల వచ్చి "అన్నా, ఒక్కనివే కష్టపడుతున్నవు, నేను గూడ జెర చెయ్యేస్తనే" అన్నరు. నడుమ బాట గీసి తూర్పు సగము వారికి ఒప్పగించితిని. అది రాళ్ళ జాగ. మంచి జాగ నేనే ఉంచుకున్న. ముందొచ్చింది నేను గద సార్.

3. నా సగమున క్రోటన్లు, కాశ్మీరు గులాబీలు, కత్తిరించిన పచ్చగడ్డి కలవు. చుట్టూ ముళ్ళ తీగ కలదు. తమ ఆఫీసు చుట్టు తిరిగి తిరిగి సాధించిన "పూలు తెంపరాదు, తెంపినచో శిక్షార్హులు" అను బోర్డును నా చేతులతోనే బోల్టులు బిగించి నిలబెట్టితిని. పువ్వు మీద చెయ్యి పడితె నేను ఊకోలే. పోరగాండ్లను అరిచిన, ముసలోళ్ళను అరిచిన, మొదటి ఏడు నా భార్య నర్సింహమ్మను గూడ అరిచిన. పార్కు అంటె గట్లనే ఉండాలె.

4. శ్రీ దేవదానం గారు వేసినది ఏమి? గునుగు, తంగేడు, బంతి! అయ్యా, గునుగు అనగా చెలకల్ల పీకి గట్టు మీద పారేసే కలుపు. సర్కారు పార్కుల కలుపును వరుసపెట్టి నాటి నీళ్ళు పోసేటోన్ని ఈయన్నొక్కన్నే చూసిన. ఇదేంది సారూ అంటే, "చెలకలన్ని ప్లాట్లయినయి. మిగిలిన జాగకు కంపెనీలు గోడలు కట్టుకున్నయి. ఇగ ఆడోళ్ళు బతుకమ్మకు పూలు ఏడికి పోయి తెచ్చుకుంటరన్నా?" అన్నరు. బతుకమ్మ ఆడేది మా ఇండ్లల్ల. చర్చికి పోయేటాయనకు ఆ పరేషాన్ ఎందుకు? మతము మీద నాకేమి కోపము లేదు. క్రిస్మసుకు వారింటి కేకు పోయినేడు గూడ తిన్న. బాగుండె.

5. మొన్న, అనగా ఎంగిలిపూలకు ముందునాడు, కాలనీ ఆడోళ్ళంత గంపలు పట్టుకొని వచ్చిండ్రు. నేను బోర్డు దగ్గర కట్టె పట్టుకొని కూసున్న. ఒక్కరు నా దిక్కు రాలే. కట్టె దాసిన. అయినా రాలే. అందరు తూర్పుకే. ఆయన నవ్వుకుంట, "కింది కొమ్మలు ఇడువుండ్రమ్మా, ఆఖరునాడు సద్దుల బతుకమ్మకు మళ్ళ పూస్తయి" అని చెప్తుండు. పక్కింటి ఎంకమ్మ "నీ కడుపు చల్లగుండ సారూ" అని దీవించింది. ఆ గుంపులనే మా నర్సింహమ్మ! తల మీద నిండు గంప పెట్టుకొని, నన్ను చూసి చూడనట్టు పోయింది.

ఇంటికి పోయి అడిగిన, "మనకు తోట లేదానే?" అని. "మనకా? ముట్టుకుంటె బోర్డు, పట్టుకుంటె కట్టె. సారు తోటల ఒక పువ్వు తెంపితె ఇంకోటి తెంపుకోమంటడు" అన్నది. అయ్యా, నా కడుపు మండుతున్నది. దీన్ని సర్కారు భాషల ఏమంటరో నాకు తెలువది.

6. పంద్రాగస్టు నాడు తమరు శ్రీ దేవదానం గారికి సర్టిఫికెట్ ఇచ్చిరి. నన్ను గూడ స్టేజి మీదికి పిలిచిరి. గుండీలు సరిజేసుకొని ఎక్కితిని. మైకు స్టాండు వంగుతున్నది, ఫిట్టరువు గద, జెర పట్టుకో అన్నరు. ఆయన మాట్లాడినంత సేపు పట్టుకున్న. మాట్లాడుకుంట ఆయన ముందుగాల నా పేరే చెప్పిండు. అది ఇంకింత మంటబెట్టింది.

కావున తమరు విచారించి, శ్రీ దేవదానం గారిని సుల్తాన్‌పూర్ వైపునకు గాని, అంతకన్న దూరమునకు గాని బదిలీ చేయవలెననియు, అది కుదరనిచో నా దిక్కు పూలు కూడ తెంపవలసినదిగా కాలనీ మహిళలకు నోటీసు జారీ చేయవలెననియు ప్రార్థన.

కట్టె పక్కన పెట్టి, రెండు చేతులు జోడించి వ్రాసుకున్న ఈ మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పెద్దరాములు
(పడమటి సగము)

తా.క.: తమరు క్యాంపులో ఉన్నరని చెప్పిండ్రు. అర్జీ సద్దుల దాక నా జేబులనే ఉన్నది. చెమటకు సిరా అలికింది, మన్నించగలరు.

సార్, బోర్డు తీసేసిన. సర్కారు బోర్డు అనుమతి లేకుంట తీసుడు తప్పే. బోల్టులు తుప్పుపట్టి ఊడకపోతె దేవదానం సారే ఇంటి నుంచి కిరసనాయిలు తెచ్చి పోసిండు. నేను పానా తిప్పినంత సేపు స్తంభం పట్టుకొని నిలబడ్డడు.

సద్దులకు ఆడోళ్ళు మళ్ళ వచ్చిండ్రు. మళ్ళ తూర్పుకే పోయిండ్రు. వాళ్ళ తప్పు గాదు, క్రోటన్లతోని బతుకమ్మను పేరుస్తరా ఎవరన్న? నర్సింహమ్మ ఒక్కతి బాట మీద ఆగింది. బోర్డు లేని జాగను చూసింది, నన్ను చూసింది. గంప కింద పెట్టి, నా దిక్కు వచ్చి, ఎర్ర గులాబీ ఒకటి తెంపింది. "గంపల ఏసుకో" అన్న. "బతుకమ్మకు గాదు, నాకు" అని కొప్పుల పెట్టుకున్నది.

దేవదానం సారు చూసిండా లేదా అని తిరిగి చూసిన. చూసిండు. పానం సల్లవడ్డది.

బదిలీ సంగతి కొట్టేయగలరు. ఆయన తాన ఉన్న గునుగు విత్తులల్ల సగం నాకియ్యుమని తమరే ఒక ఆర్డరు పంపగలరు. నేనైతే నోరు తెరిచి అడుగ.